మేలు చేసే విద్య: డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ జీవిత విశేషాలు

ఇస్లాంలో విద్యకు ఉన్న స్థానం గురించి మనం తరచూ వింటూనే ఉంటాం. దివ్య ఖుర్‌ఆన్ అవతరణ చదవమనే ఆజ్ఞతో ఆరంభమయిందని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే మహాప్రవక్త ముహమ్మద్ (స) అల్లాహ్‌ను కేవలం విద్య కావాలని మాత్రమే వేడుకోలేదు. మేలు చేసే విద్యను ప్రసాదించమని కోరేవారు. మేలు చేయని విద్య నుంచి శరణు వేడేవారు. పైకి చూస్తే ఈ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ ఒక శాస్త్రవేత్త జీవితాన్ని ఎదురుగా పెట్టుకుని ఆలోచిస్తే అందులోని లోతు అర్థమవుతుంది. అలాంటి జీవితాన్నే ఈ వారం పాఠకుల ముందుంచుతున్నాం.

ఆయన పేరు డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్. వృత్తి రసాయనశాస్త్ర పరిశోధన. పుట్టిన సంవత్సరం 1901, కన్నుమూసినది 1975లో. పుట్టింది ఉత్తరాదిలోనే అయినా ఆయన జీవితంలో ముఖ్యమైన పద్నాలుగేళ్ళు మన హైదరాబాద్‌లోనే గడిచాయి. ఇక్కడ ఆయన ఆధ్వర్యంలో జరిగిన పరిశోధనల్లో ముఖ్యమైనది సింగరేణి బొగ్గు మీద జరిగిన పరిశోధన. అందువల్ల బెల్లంపల్లి వంటి బొగ్గు ఊళ్ళలో ఉండే మనకు ఆయన పరాయివారు కారు. మన తాతలు బాయిలో దిగి తవ్విన బొగ్గును ఆయన శిష్యులు ప్రయోగశాలలో విడగొట్టి చూశారు.

లక్నో నుంచి హైదరాబాద్‌కు

హుసేన్ జహీర్ గారిది లక్నోలో పేరున్న కుటుంబం. తండ్రి సర్ సయ్యద్ వజీర్ హసన్ ఔధ్ చీఫ్ కోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. ముస్లింలీగ్ కార్యదర్శిగా ఉండి 1916లో కాంగ్రెస్‌కూ లీగ్‌కూ మధ్య లక్నో ఒప్పందం కుదర్చడంలో ముఖ్యపాత్ర వహించారు. సోదరుల్లో ఒకరైన సయ్యద్ అలీ జహీర్ 1946లో ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వంలో మంత్రి. మరొక సోదరుడు సజ్జాద్ జహీర్ ఉర్దూ సాహిత్యంలో అభ్యుదయ రచయితల ఉద్యమానికి ఆద్యుడు, కమ్యూనిస్టు నాయకుడు. ఒకే ఇంట్లో న్యాయశాస్త్రం, రాజకీయం, సాహిత్యం ఉండగా హుసేన్ జహీర్ మాత్రం రసాయనశాస్త్రాన్ని ఎన్నుకున్నారు.

ఆయన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. ఆ తరువాత జర్మనీ వెళ్ళి హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. ఆనాడు రసాయనశాస్త్రానికి జర్మనీ పుట్టినిల్లు వంటిది. రంగులు, మందులు, ఎరువులు అన్నీ అక్కడి ప్రయోగశాలల నుంచే పుట్టుకొస్తున్న కాలమది. బొగ్గు నుంచి వచ్చే తారును చెత్తగా పారేయకుండా దాని నుంచే అద్దకపు రంగులూ ఔషధాలూ తీయవచ్చునని లోకానికి బాగా నేర్పినది ఆ దేశమే. తిరిగి వచ్చిన జహీర్ గారు లక్నో విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్ళు రసాయనశాస్త్రం బోధించారు.

1948లో ఆయన హైదరాబాద్‌లోని సెంట్రల్ లాబరేటరీస్ ఫర్ సైంటిఫిక్ అండ్ ఇండస్ట్రియల్ రీసెర్చ్‌కు డైరెక్టరుగా వచ్చారు. ఆ ప్రయోగశాలను నిజాం ప్రభుత్వం 1944లో నెలకొల్పింది.

1948 అనగానే తెలంగాణ ముస్లిం కుటుంబాలలో పెద్దలు ఒక్క క్షణం మౌనం వహిస్తారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. ఆ రోజుల్లో ఉద్యోగాలు పోయినవారు, ఊళ్ళు వదిలినవారు, ఇంటి మగవాళ్ళను కోల్పోయినవారు, కరాచీ దారి పట్టినవారు ఎందరో ఉన్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలయింది. దాని కోసం దారుల్ తర్జుమాలో పండితులు భౌతిక, రసాయన శాస్త్రాల పదాలన్నిటినీ ఉర్దూలోకి తెచ్చారు. ఆ మాధ్యమానికి కూడా ఆ మార్పుతోనే కాలం చెల్లింది. చదువుకున్న ముస్లిం యువకుడికి ముందు దారి కనిపించని కాలమది.

అలాంటి కాలంలో ఒక ముస్లిం శాస్త్రవేత్త లక్నో నుంచి హైదరాబాద్‌కు వచ్చి ఒక ప్రయోగశాల బాధ్యత చేపట్టడం చిన్న విషయం కాదు. సోదరుడు సజ్జాద్ జహీర్ 1948లో పార్టీ పనిమీద పాకిస్తాన్ వెళ్ళారు. అక్కడ 1951లో రావల్పిండి కుట్రకేసులో జైలుపాలై 1955లో భారతదేశానికి తిరిగివచ్చారు. హుసేన్ జహీర్ మాత్రం ఈ నేలమీదే ఉండి, ఈ నేలలో దొరికే వస్తువులమీదే పని మొదలుపెట్టారు.

మన నేల, మన వస్తువులు

ఆయన ప్రయోగశాల ఎంచుకున్న విషయాలు చూస్తే ఆయన ఆలోచన ఏ దారిన సాగిందో తెలుస్తుంది. తెలంగాణ మెట్టపొలాల్లో ఆముదం పండుతుంది. దానిమీద, ఇతర నూనెగింజలమీద పరిశోధన జరిగింది. ఇక్కడి మట్టి పింగాణీకి పనికొస్తుందా అని చూశారు. గోదావరి లోయలో బొగ్గు ఉంది. దానిని కేవలం ఇంజన్లలో కాల్చి బూడిద చేయడమేనా, ఇంకేదైనా ఉపయోగం ఉందా అని పరిశోధించారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి సమీపంలో, తార్నాక దగ్గర నిర్మించిన కొత్త భవనాన్ని 1954 జనవరిలో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. 1956లో ఈ సంస్థ కేంద్రప్రభుత్వ శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి, అంటే సి.ఎస్.ఐ.ఆర్. కిందికి చేరి రీజనల్ రీసెర్చ్ లాబరేటరీ అయింది. మన పెద్దలకు ఇది ఆర్.ఆర్.ఎల్.గానే పరిచయం. 1989 నుంచి దాని పేరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ. బెల్లంపల్లిలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగినవారికి అది ఎంతో దూరం లేదు. కానీ మనలో ఎంతమందిమి ఆ గేటు వంక తలెత్తి చూసి ఉంటాం?

బొగ్గుకు పొగ తీసే విద్య

బెల్లంపల్లి ప్రాంతంలో బొగ్గు తవ్వకం 1927 ప్రాంతంలో మొదలయింది. సింగరేణికి అంతకు ముందే, 1889 నుంచి ఇల్లెందులో గనులు ఉన్నాయి. ఈ బొగ్గు రైళ్ళను నడిపింది, కరెంటు ఇచ్చింది, మన ఇళ్ళలో అన్నం ఉడికించింది. ఒకప్పుడు సాయంత్రం అయ్యేసరికి కార్మికుల క్వార్టర్ల ముందు బొగ్గు పొయ్యిలు రాజేసేవారు. ఆ పొగ వీధంతా కమ్ముకునేది. పొయ్యి రాజేసే తల్లులు, అక్కచెల్లెళ్ళు కళ్ళు తుడుచుకుంటూ దగ్గుతూ ఉండేవారు. ఆ పొగను మనం తలరాతగా భావించి ఊరుకున్నాం. రసాయన శాస్త్రవేత్త మాత్రం అది ఎక్కడి నుంచి వస్తోందని అడుగుతాడు.

బొగ్గులో కర్బనం ఒక్కటే ఉండదు. వేడి తగలగానే ఆవిరిగా లేచిపోయే పదార్థాలు కూడా ఉంటాయి. పచ్చిబొగ్గును పొయ్యిలో వేసినప్పుడు ఈ ఆవిరులు పూర్తిగా కాలకుండానే బయటికి వస్తాయి. మన కళ్ళు మండించే పొగ అదే. సింగరేణి బొగ్గు ఉక్కు కర్మాగారాలలో వాడే గట్టి కోక్‌గా మారే రకం కాదు. కాబట్టి దానికి వేరే దారి వెతకాలి.

ఆర్.ఆర్.ఎల్. వెతికిన దారి పేరు లో టెంపరేచర్ కార్బనైజేషన్. పేరు పెద్దది గాని విషయం మన ఇంటి విషయమే. కట్టెలను మట్టికింద కప్పి గాలి తగలకుండా మాడ్చి కట్టెబొగ్గు చేయడం మన పల్లెల్లో అందరూ చూసిందే. అదేవిధంగా నేలబొగ్గును గాలి తగలకుండా సుమారు 500 నుంచి 700 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడి చేస్తారు. ఉక్కు కోక్‌కు కావలసిన వేడి దాదాపు 1000 డిగ్రీలు గనుక దీనితో పోలిస్తే ఇది తక్కువ వేడి. అప్పుడు బొగ్గులోని ఆవిరులు విడిపోతాయి. అవి గాలిలో కలిసిపోకుండా పట్టుకుని చల్లార్చితే తారు, నూనెలు, ఇంధన వాయువు వస్తాయి. తారు నుంచి ఫినాల్ వంటి రసాయనాలు తీయవచ్చు. చివరకు మిగిలిన బొగ్గును పొయ్యిలో వేస్తే దాదాపు పొగ లేకుండా మండుతుంది. ఇంతకాలం వంటింట్లో కళ్ళు మండించినది ఫ్యాక్టరీలో సరుకుగా మారుతుంది.

దీనికోసం హైదరాబాద్‌లో రోజుకు 25 టన్నుల బొగ్గును శుద్ధి చేయగల నమూనా ప్లాంటును ఏర్పాటు చేశారు. గాజు కుప్పెలో పిడికెడు బొగ్గుతో చేసిన ప్రయోగం వేరు. రోజూ లారీల కొద్దీ బొగ్గు పోసి చేసి చూపడం వేరు. జహీర్ గారి పట్టుదల ఈ రెండోదాని మీదే ఉండేది. పరిశోధన కాగితంమీద ఆగిపోకుండా పరిశ్రమకు అందాలని ఆయన పాటుపడ్డారు. తరువాతి కాలంలో మంచిర్యాల పక్కనే ఉన్న నస్పూర్‌లో ఇదే పద్ధతిని ఆధారం చేసుకుని కర్మాగారం వచ్చింది. అక్కడ తయారైన పొగలేని బొగ్గును కోల్సిన్ అనేవారు. మన ప్రాంతంలో ఆ పేరు గుర్తున్న పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. గ్యాస్ సిలిండర్లు వచ్చాక ఇళ్ళలో బొగ్గు పొయ్యిలే తగ్గిపోయాయి. కానీ ఒక పేదరాలి కంటినీరు కూడా విజ్ఞానశాస్త్రం పట్టించుకోవలసిన సమస్యే అని ఆ పని నిరూపించింది. మేలు చేసే విద్యకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మాకు కనిపించదు.

మందు మత్తుగా మారిన వైనం

ఇక రెండో సంగతి. మహనీయుల జీవితాలు రాసేటప్పుడు ఇలాంటివి వదిలేయడం సుళువు. కానీ వదిలేస్తే పాఠం కూడా పోతుంది.

1951లో జహీర్ గారు, ఇంద్రకిషోర్ కక్కర్ అనే మరొక శాస్త్రవేత్త కలిసి క్వినజొలోన్ అనే జాతికి చెందిన కొన్ని కొత్త రసాయనాలను తయారుచేసి వాటి వివరాలు ప్రచురించారు. వారి ఉద్దేశం కొత్త మందులు కనుక్కోవడం. అప్పుడే స్వాతంత్య్రం వచ్చిన దేశం. మలేరియాతో, నొప్పులతో జనం అల్లాడుతున్నారు. విదేశీ మందులు కొనే స్తోమతు లేదు. మన చేతులతో మన మందులు తయారు చేసుకోవాలనే తపన ఆనాటి ప్రతి రసాయన శాస్త్రవేత్తలోనూ ఉండేది.

వారు తయారుచేసిన వాటిలో ఒకదాని పేరు మెథాక్వలోన్. 1955లో లక్నోలోని కింగ్ జార్జ్ మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ గుజ్రాల్ బృందం దానికి నిద్ర పుట్టించే గుణం ఉందని కనుగొన్నది. అప్పటికి వాడుకలో ఉన్న నిద్రమాత్రలకన్నా ఇది నయమని, అలవాటు పడే ప్రమాదం లేదని వైద్యులు తలచారు. 1960 తరువాత ఇంగ్లండులో మాండ్రాక్స్ పేరుతో, అమెరికాలో క్వాలూడ్ పేరుతో ఇది మార్కెట్లోకి వెళ్ళింది. నిద్రపట్టని రోగులకు అది ఉపశమనం కలిగించింది.

ఆ నమ్మకం తప్పని తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. ఆ మాత్రకు మనుషులు బానిసలయ్యారు. యువకులు దాన్ని మత్తుకోసం మింగారు. దక్షిణాఫ్రికాలో దాన్ని పొడిచేసి గంజాయితో కలిపి పీల్చే దురలవాటు పేదబస్తీలను పట్టి పీడించింది. అమెరికా 1984లో దాన్ని నిషేధించింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దాన్ని తన జాబితాలో చేర్చింది. అయినా దొంగచాటు తయారీ ఆగలేదు. 2016లో రాజస్థాన్‌లోని ఉదయపూర్ దగ్గర రెవెన్యూ నిఘా అధికారులు సుమారు 23 టన్నుల మాండ్రాక్స్ మాత్రలను పట్టుకున్నారు. రోగుల కోసం మొదలైన పరిశోధన ఫలితం అరవై అయిదేళ్ళ తరువాత దొంగల గోదాములో టన్నుల కొద్దీ కనిపించింది.

ఇందులో జహీర్ గారి తప్పు ఏమిటి? మా దృష్టిలో ఏమీ లేదు. కర్మలకు ఆధారం సంకల్పమేనని మన ధర్మం బోధిస్తుంది. ఆయన సంకల్పం వైద్యం. మత్తుగా వాడినవారి పాపం వాడినవారిది, లాభం కోసం అమ్మినవారి పాపం అమ్మినవారిది. ఇలాంటి మార్పు పాత కథే. కళ్ళకు పెట్టుకునే సుర్మాను అరబ్బీలో అల్ కుహ్ల్ అంటారు. చేతులు మారి, భాషలు మారి చివరకు ఆ మాటే సారాయిలోని మత్తుపదార్థానికి ఆల్కహాల్ అనే పేరయింది. వస్తువు విషయంలోనూ పేరు విషయంలోనూ మనిషి ఇలా దారి తప్పుతూనే ఉన్నాడు.

అయితే విద్య గలవాడికి ఇందులో ఒక హెచ్చరిక మాత్రం ఉంది. తయారు చేయడం సగం పనే. తయారైనది మనిషి శరీరంలోకి పోయాక ఏం చేస్తుందో తెలుసుకోవడం మిగతా సగం. మొదటిది రసాయనశాస్త్రం. రెండోది జీవశాస్త్రం. ఈ రెండూ పక్కపక్కన లేకపోతే మేలుకు బదులు కీడు జరగవచ్చు.

తార్నాకలో నాటిన మొక్క

ఈ రెండు శాస్త్రాలూ హైదరాబాద్‌లో ఒకే ఆవరణలో పెరగడం వెనుక కూడా జహీర్ గారి ప్రోత్సాహం ఉంది.

లక్నో విశ్వవిద్యాలయంలో 1949లో డాక్టరేటు పొందిన పుష్పమిత్ర భార్గవ అనే యువకుడు 1950లో హైదరాబాద్ వచ్చి జహీర్ గారి ప్రయోగశాలలో చేరారు. చదివింది కర్బన రసాయనశాస్త్రం. మనసు మాత్రం జీవశాస్త్రం మీదికి మళ్ళింది. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ పరిశోధనలు చేసి 1958లో తిరిగి ఆర్.ఆర్.ఎల్.కే వచ్చారు. బొగ్గు, నూనెల ప్రయోగశాలలో జీవకణాల మీద పరిశోధన ఎందుకని అడగడం సులువు. కానీ అక్కడ ఆ పనికి చోటు దొరికింది. జీవరసాయన విభాగం పెరిగింది. ఆ విభాగాన్నే పునాదిగా చేసుకుని 1977లో సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ, మనందరికీ తెలిసిన సి.సి.ఎం.బి., ఏర్పడింది. దాని సొంత భవనాన్ని 1987 నవంబరులో ప్రధాని రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేశారు. 2020లో కరోనా విరుచుకుపడినప్పుడు మన ప్రాంతపు నమూనాలను పరీక్షించడంలో ఆ సంస్థ ఎంత పనిచేసిందో పత్రికలు చదివినవారికి తెలుసు.

జహీర్ గారు సి.సి.ఎం.బి.ని చూడలేదు. అది రావడానికి రెండేళ్ళ ముందే కన్నుమూశారు. చెట్టు నాటినవాడు దాని నీడలో కూర్చోవాలన్న నియమం లేదు. మనిషి మరణించాక కూడా అతని ఖాతాలో పుణ్యం చేరుతూ ఉండే వాటిలో ఇతరులకు ప్రయోజనం కలిగించే విద్య ఒకటని దైవప్రవక్త (స) తెలియజేశారు. బావి తవ్వించినవారి గురించి, మదరసా కట్టించినవారి గురించి ఈ మాట తరచూ వింటాం. ఒక యువ పరిశోధకుడికి బల్ల, దీపం, స్వేచ్ఛ ఇచ్చినవారికి కూడా అది వర్తిస్తుందని మేము అనుకుంటాం.

దేశం అప్పగించిన అమానత్

1962లో జహీర్ గారు దేశంలోని జాతీయ ప్రయోగశాలలన్నిటికీ పైసంస్థ అయిన సి.ఎస్.ఐ.ఆర్.కు డైరెక్టర్ జనరల్ అయ్యారు. శాంతిస్వరూప్ భట్నాగర్ వంటివారు కూర్చున్న కుర్చీ అది. 1966 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఆ నాలుగేళ్ళలోనే చైనాతో యుద్ధం, పాకిస్తాన్‌తో యుద్ధం రెండూ వచ్చాయి. విదేశాల నుంచి రావలసిన యంత్రాలు, రసాయనాలు, మందులు ఆగిపోతే మన ప్రయోగశాలలే ప్రత్యామ్నాయాలు వెతకవలసిన పరిస్థితి. అలాంటి సమయంలో ఆ బాధ్యత ఆయన చేతుల్లో ఉంది. ముస్లింల దేశభక్తిని వేలెత్తి ప్రశ్నించేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. వారితో వాదానికి దిగడం కన్నా ఇలాంటి జీవితాలను మన పిల్లలకు చెప్పడం మేలు. 1972లో భారతప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. జహీర్ గారు ధార్మిక పండితుడు కారు. ఆయన కుటుంబంలో ఆధునిక భావాలు, వామపక్ష భావాలు బలంగా ఉండేవి. ఆయన అంతరంగం అల్లాహ్‌కు ఎరుక. దానిని తూచే అధికారం మనకు లేదు. మన కళ్ళకు కనిపించేది ఆయన చేసిన పని. అప్పగించిన బాధ్యతను అమానత్‌గా భావించి నెరవేర్చడం, తనకన్నా చిన్నవారిని ఎదగనివ్వడం, సామాన్యుడి పొయ్యి దాకా శాస్త్రాన్ని తీసుకురావడం ఏ ముస్లింకైనా ఆదర్శప్రాయమే.

మన బొగ్గులో కొత్త చుక్కలు

జహీర్ గారి కాలంలో బొగ్గు నుంచి తారు, నూనె తీశారు. ఇప్పుడు అదే బొగ్గు నుంచి మరో వింత తీస్తున్నారు. 2013లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మామూలు బొగ్గును ఆమ్లాలతో శుద్ధిచేసి క్వాంటమ్ చుక్కలనే అతి సూక్ష్మమైన కణికలు తీశారు. వాటి పరిమాణం కొన్ని నానోమీటర్లు. మీటరులో వందకోట్ల వంతును నానోమీటరు అంటారు. మన తలవెంట్రుక మందం వేల నానోమీటర్లు ఉంటుందంటే ఆ చుక్కలు ఎంత చిన్నవో ఊహించవచ్చు. నల్లని బొగ్గులోంచి తీసిన ఆ చుక్కలపై తగిన కాంతి పడితే అవి మెరుస్తాయి. జీవకణం లోపల ఏం జరుగుతోందో చూడటానికి ఇలాంటి చుక్కలను దీపాల్లా వాడుకోవచ్చునా అని పరిశోధనలు జరుగుతున్నాయి. వేరే పదార్థాలతో ఇలాంటి క్వాంటమ్ చుక్కలను కనుగొని అభివృద్ధి చేసినందుకు 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ముగ్గురికి లభించింది. వారిలో ఒకరైన మౌంగీ బవెండీ ట్యునీషియా దేశపు గణితశాస్త్రజ్ఞుడి కుమారుడు.

ఇక్కడ కూడా పాత హెచ్చరిక వర్తిస్తుంది. కణంలోకి దూరగల వస్తువు మందును మోసుకుపోగలదు, హాని కూడా చేయగలదు. ఈ సంగతి బెల్లంపల్లి వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. బాయిలో ఏళ్ళతరబడి పీల్చిన బొగ్గుధూళి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. దుమ్మును మింగి శరీరాన్ని కాపాడవలసిన కణాలు ఆ ధూళిని అరిగించుకోలేక దెబ్బతింటాయి. క్రమంగా ఊపిరితిత్తి గట్టిపడుతుంది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడే విశ్రాంత కార్మికులు మన మస్జిదుల్లో వెనుక వరుసలో కుర్చీల మీద నమాజ్ చేస్తూ కనిపిస్తారు. ఒకే బొగ్గు. ఒకచోట దీపంలా మెరిసే చుక్క, ఇంకొకచోట ఊపిరి తీసే ధూళి. ఏది ఏమవుతుందో ముందుగా తేల్చి చెప్పేదే కణజీవశాస్త్రం. అందుకే రసాయనశాస్త్రం, నానో పదార్థాల పరిశోధన, కణజీవశాస్త్రం ఈనాటి విశ్వవిద్యాలయాల్లో చేయీచేయీ కలిపి నడుస్తున్నాయి.

మన పిల్లల మాట

బెల్లంపల్లి 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో ఉంది. ఒకప్పుడు ఊరికి బతుకునిచ్చిన భూగర్భ గనులు చాలావరకు మూతపడ్డాయి. తండ్రి బాయి ఉద్యోగం కొడుక్కి వస్తుందన్న ధీమా ఇప్పుడు లేదు. ఈ ఖాళీలో మన యువకుల ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి చదువు. రెండోది పనిలేనితనం, దాని వెంటే వచ్చే మత్తు. గంజాయి, నిద్రమాత్రలు, దగ్గుమందులు మత్తుకోసం వాడే అలవాటు చిన్న ఊళ్ళకూ పాకిందని తల్లిదండ్రులందరికీ తెలుసు. పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాం, అంతే. మత్తు కలిగించే ప్రతిదీ హరామ్ అని చెప్పడంతోనే మన బాధ్యత తీరదు. ఆ మాత్ర శరీరంలో ఏం చేస్తుందో చెప్పగలిగే చదువు కూడా మన ఇళ్ళలో ఉండాలి.

ఇంటర్‌లో సైన్సు తీసుకున్న మన అమ్మాయిలు, అబ్బాయిలు ఎందరో ఉన్నారు. మార్కులు రాకపోతే డాక్టరు కాలేమని, ఇంజనీరు కాలేమని అక్కడితో చదువు ఆపేస్తున్నారు. బి.ఎస్సీ. కెమిస్ట్రీ, ఎం.ఎస్సీ., ఆ తరువాత పరిశోధన అనే దారి ఉందని వారికి ఎవరూ చెప్పడం లేదు. ఎం.ఎస్సీ. తరువాత సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్షలో ఫెలోషిప్పుకు ఎంపికైనవారికి పరిశోధన చేస్తూ ఉండగానే నెలనెలా భృతి లభిస్తుంది. ఇంటికి భారం కాకుండా చదువుకోవచ్చు. అమ్మాయిని దూరం పంపడం ఎలా అని సంకోచించే తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. ఉస్మానియా విశ్వవిద్యాలయం మనకు పరాయి దేశం కాదు. ఒకసారి వెంట తీసుకుని వెళ్ళి చూపించండి. దారిలో తార్నాకలో ఆ గేటు ముందు కాసేపు ఆగి, ఇక్కడ మన సింగరేణి బొగ్గు మీద పరిశోధన జరిగిందని, దానిని నడిపించినది హుసేన్ జహీర్ అనే పెద్దమనిషి అని చెప్పండి.

మనకు విద్య కావాలి. అది మేలు చేసే విద్య కావాలి. ఏది మేలో ఏది కీడో ముందుగా పరీక్షించే ఓర్పు, తెలిసిన దానిని నిజాయితీగా చెప్పే ధైర్యం కూడా కావాలి. అల్లాహ్ మన పిల్లలకు అలాంటి విద్యను ప్రసాదించుగాక. మన ఇళ్ళను మత్తు నుంచి కాపాడుగాక. గనుల్లో ఊపిరి ధారపోసిన మన పెద్దలకు స్వస్థత చేకూర్చుగాక. ఆమీన్.